నీ ఆరు బిరడలు

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. వీణలకు చేసినట్టే, నేను చేసిన గిటారుకు కూడా తీగలు బిగించే ఆరు బిరడలను రోజ్‌వుడ్‌తో చెక్కి ఇచ్చావు. వాటిని పీకేశాను.

పోయిన వారం బాగేపల్లి నుంచి ఆ గిటారు పట్టుకుని మన చింతామణి అంగడికొచ్చిన, దాన్ని కొన్న సంగీతం మేష్టారు, "సుద్దపొడి పూసినా జారిపోతాండాయప్పా. గేర్లుండే ఇత్తడివి ఎయ్యి" అన్నాడు. వేశాను. ఈ రోజు వాయించి చూశాడు. శ్రుతి నిలబడింది. నాకు సంతోషమే వేసింది.

గిటారు మెడకు నువ్వు ఏరిపెట్టిన టేకులో మిగిలిన ముక్కతోనే నీ బిరడలున్న పాత బెజ్జాలు పూడ్చాను. "అతుకు కనబడకూడదురా" అనేవాడివి కదా. మేష్టారు వేలితో తడిమినా తెలియలేదు.

ఆయన వెళ్ళబోతుంటే నేనూ తడిమాను. నాకూ తెలియలేదు, నాయనా.