పది బస్తాలు విప్పించుట గురించి

తేదీ: 9-8-2024, శుక్రవారం

గౌరవనీయులైన కోర్టు రికార్డు విభాగపు పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

మొయినాబాద్ మండలం, ఈదులకుంట గ్రామ నివాసి, జానీ భార్య ఎస్తేర్, వయస్సు 41 సంవత్సరాలు, వృత్తి గండిపేటలో కాలేజీ హాస్టల్ వంట, సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: 1991వ సంవత్సరంలో పాత మున్సిఫ్ కోర్టులో మా మామ మారయ్య గారు వేసిన దావాలో వచ్చిన శాశ్వత ఇంజంక్షన్ డిక్రీ నకలు సోమవారం పొద్దున తొమ్మిది గంటల లోపల ఇప్పించుట, అందు నిమిత్తం పాత ఫైళ్లు కట్టి పెట్టిన పది బస్తాలు విప్పించుట గురించి.

ఈ అర్జీని కోర్టు గేటు బయట దరఖాస్తులు రాసే పెద్దమనిషితో రాయించాలని కూర్చున్నాను. ఆయన సగం దాకా బాగానే రాసి, కొరికిన సంగతి దగ్గర కలం ఆపి, "ఇది రాస్తే నీ మీదనే కేసైతది తల్లీ, తీసేద్దాం" అన్నాడు. అది తీసేస్తే మిగిలినదంతా సగం నిజమే అవుతుంది. అందుకని ఆయన నమూనా ముందర పెట్టుకొని నేనే రాస్తున్నాను. ఇంటర్ పాసైనదానను. తప్పులుంటే మన్నించగలరు.

1. మనవి చేయడమేమనగా, మా గ్రామ శివారులో రోడ్డును ఆనుకొని మాకు ఎకరం పది గుంటల చెలక ఉన్నది. 1991లో పక్క పట్టాదారు దాని మీదికి వస్తే మా మామ దావా వేసి, రెండేళ్లు తిరిగి గెలిచారు. సదరు పట్టాదారు గాని, వారి వారసులు గాని, వారి తరఫున మరెవరు గాని ఆ భూమిలో అడుగు పెట్టరాదని కోర్టువారు డిక్రీ ఇచ్చారు. ఈ సంగతి మా ఊరిలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. పాలు తాగే పిల్ల సాక్ష్యం ఠాణాలో చెల్లదట.

2. మా మామకు చదువు రాదు. ఆయనకు ఉన్న కాగితాలలో కోర్టు ముద్ర ఉన్నది అదొక్కటే. దానిని పాలిథిన్ కవరులో పెట్టి, ఆ కవరును తన బైబిల్లో దాచుకున్నారు. ఆదివారం ఆ బైబిల్ చంకలో పెట్టుకొని చర్చికి పోయేవారు. ఎవరైనా గెట్టు జరిపినారని తెలిస్తే అదే బైబిల్ పట్టుకొని గెట్టు మీదికి పోయేవారు. అవతలివాళ్లు ఆ చంక చూసే వెనక్కి పోయేవారు. తెరిచి చూపించవలసిన అవసరం ఎన్నడూ పడలేదు.

3. 2019లో ఆయన ప్రభువునందు నిద్రించారు. బైబిల్ ఉన్న మనిషి పోతే దానిని పెట్టెలో రొమ్ము మీద పెట్టి, రెండు చేతులు దాని మీద మడిచి సమాధి చేయడం మా ఇండ్లలో ఆనవాయితీ. ఆ బైబిల్ తెచ్చి పెట్టినది నేనే. ముద్దు పెట్టి మరీ పెట్టాను. పోయిన మనిషి బైబిల్‌ను తలకిందులు చేసి దులిపి చూడాలని ఎవరికి తోస్తుంది? మా చెలక మూలకే, వాళ్లమ్మ పక్కన, ఆయనను సమాధి చేశాము. నెల గడిచినాక గాని కాగితం సంగతి యాదికి రాలేదు. మా వకీలు అప్పటికే చనిపోయారు, ఆయన ఫైళ్లన్నీ ఆయన పిల్లలు పాత పేపర్లు కొనేవానికి తూకానికి అమ్ముకున్నారు. ఈ విధంగా సదరు డిక్రీ లోకంలో రెండే చోట్ల మిగిలినది. ఒకటి తమ రికార్డు గది. రెండవది మా మామ రొమ్ము.

4. గత నెల 9వ తేదీ, మంగళవారం, పగలు పదకొండు గంటలకు భూపాల్ అనే ప్లాట్ల వ్యాపారి, పాత పట్టాదారు మనుమల దగ్గర మా చెలక కొన్నానని చెప్పుకుంటూ, ఆరుగురు మనుషులతో, జేసీబీతో వచ్చాడు. నా భర్త జానీ జేసీబీకి అడ్డంగా నిలబడ్డాడు. ఇద్దరు ఆయనను కింద పడవేసి, ఆయన కుడి చేతిని కంచెకు పాతే రాతి కడీ మీద పెట్టి అదిమి పట్టుకున్నారు. మూడవవాడు గడ్డపారతో కొట్టాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నేను లెక్కపెట్టగలిగాను, ఎందుకంటే నాలుగవవాడు నా జుట్టు గుంజి పట్టి అటే చూడమని నిలబెట్టాడు. మా అత్త మారెమ్మ వానిని కొడవలితో కొట్టబోతే ఆమె కడుపులో తన్నారు. దవాఖానలో నా భర్త మూడు వేళ్లు తీసివేశారు. మిగిలిన రెండు ఉన్నవన్న మాటే గాని వాటితో బువ్వ కలుపుకోలేడు.

భూపాల్ తన చేత్తో ఒక్క దెబ్బ కూడా వేయలేదు. కారు నీడన నిలబడి సీసాలో నీళ్లు తాగుతూ, "కోర్టు కాగితం ఉన్నదంటరు గదా. సూపియ్యిన్రి, ఇప్పుడే తిరిగి పోత" అన్నాడు. ఆ కాగితం ఎక్కడ ఉన్నదో ఊరంతా తెలుసు, వానికీ తెలుసు. "ముసలోడు ఫైలు ఏసుప్రభు దగ్గర పెట్టిండట. ఆడికే పోయి అడుక్కోన్రి" అని నవ్వాడు. వాని మనుషులు కూడా నవ్వారు. ఆ నవ్వును చంపాలనిపించింది. ఇది అర్జీలో రాయదగిన మాట కాదని తెలుసు.

5. ఠాణాకు పోయాము. "ఇది సివిల్ మ్యాటర్. కోర్టు ఆర్డర్ పట్కరాన్రి, అప్పుడు జేసీబీని మేమే ఆపుతం" అన్నారు. మరి చేతి సంగతి ఏమిటని అడిగితే, "అది రెండు దిక్కుల కొట్లాట" అన్నారు. మా దిక్కున విరిగినది ఏమిటో వాళ్లు అడగలేదు, అవతలి దిక్కున ఒకరి ఒంటి మీద గీత కూడా లేదు.

6. ఆనాటి నుండి నిన్నటి దాకా తమ కార్యాలయానికి ఏడుసార్లు వచ్చాను. నకళ్ల విభాగంలో దావా నంబరు అడిగారు. నంబరు డిక్రీ మీద ఉన్నది, ఆ డిక్రీ కోసమే వచ్చానని చెప్పాను. నంబరు లేనిదే డిక్రీ వెదకడం కుదరదన్నారు. 1991 దావాల రిజిస్టరు చూడమని బతిమాలాను. అది వాన నీళ్లకు తడిసి, చెదలు తిన్నదని చూపించారు. కంప్యూటరులో అంత పాతవి లేవన్నారు. ఎవరూ కసురుకోలేదు, ఆ మాట రాయాలి. కూర్చోమన్నారు. కూర్చొని కూర్చొని లేచి పోయాను.

7. (తీసేద్దామన్నది ఈ అంశమే.) ఐదవసారి వచ్చిన రోజు రికార్డు గది తలుపు తీసి ఉండగా నేను లోపలికి జొరబడి బస్తాలు గుంజిన మాట వాస్తవము. ఎర్రగుడ్డలో కట్టినవి కప్పు దాకా పేర్చి ఉన్నవి. మూడింటిని కింద పడవేసి ఒకదాని ముడి విప్పుతుండగా అటెండరు సాయిలు గారు నా చెయ్యి పట్టి లాగారు. ఆయన మణికట్టు కొరికిన మాట కూడా వాస్తవము. నోటికి నెత్తురు తగిలినాక కూడా వదలలేదు. ఆ ఘడియలో నా పండ్ల నడుమ ఉన్నది భూపాల్ చెయ్యే అనుకున్నాను. సదరు కొరుకుటకు పూర్తి బాధ్యత నాదే.

సాయిలు గారు సూది వేయించుకొని, కట్టు కట్టించుకొని తిరిగి వచ్చి, నాకు ఒక గ్లాసు నీళ్లు ఇచ్చారు. పుక్కిలించమన్నారు. "కొరికితె బస్తా దొర్కుతదా చెల్లె? నాకు ఒక్క నంబరు తే. నంబరుంటె నేనే నిచ్చెన ఎక్కి తీస్త" అన్నారు. అప్పటి దాకా నాకు ఒక దారి చూపించిన మనిషి ఆయనే. నన్ను లోపలికి రానిచ్చినాడని ఆయనపై ఎటువంటి చర్య తీసుకోవద్దని ప్రార్థన.

ఆ సాయంత్రం ఇంట్లో నంబరు సంగతి చెప్పాను. మా బావ రత్నాకర్, అంటే నా భర్తకు అన్న, కట్టె అందుకున్నాడు. "మట్టిల పెట్టింది నువ్వు. నా తమ్ముని చెయ్యి తిన్నది నువ్వు" అంటూ వీపు మీద మూడు దెబ్బలు వేశాడు. నా భర్త అడ్డం రాలేదు. దీనిపై నాకు ఫిర్యాదు లేదు. ఇదీ సివిల్ మ్యాటరే అంటారు.

8. సమాధి తవ్వుదామని పాస్టరయ్య గారిని అడిగితే వద్దన్నారు. "అంత్యదినాన ప్రభువే లేపుతడు. మనం లేపరాదమ్మా" అన్నారు. మా అత్త ఆయన మొహం మీదనే, "ప్రభువు లేపేలోపల్నే భూపాల్ లేపుతడయ్యా, జేసీబీ పండ్లతోని. గది మంచిగుంటదా?" అన్నది.

మొన్న బుధవారం పగలు, రత్నాకర్ బావ నా భర్తను కట్టు మార్పించడానికి చేవెళ్ల దవాఖానకు తీసుకొని పోయినప్పుడు, నేను, మా అత్త కలిసి తవ్వాము. అనుమతి లేకుండా సమాధి తవ్వుట నేరమని ఎరుగుదును. మా అత్తకు అరవై ఎనిమిదేండ్లు, కాబట్టి తవ్వినది నేను, మట్టి ఎత్తినది ఆమె. పెట్టె మూత మట్టి బరువుకు ఎన్నడో కూలి లోపలికి దిగిపోయి ఉన్నది. అది తెలియక నేను వేసిన గడ్డపార పోటు మూతను దాటి పక్కటెముకల మీద పడింది. అవి విరిగిన చప్పుడు విన్నాను. నా భర్త వేళ్లు విరిగినప్పుడు విన్నది కూడా అదే చప్పుడు. గడ్డపార అక్కడే వదిలి పైకి ఎక్కాను.

అప్పుడు మా అత్త గుంతలోకి దిగింది. "జరుగు. నీకు మామ గానీ నాకు మొగడు" అన్నది. ఒక్కొక్క ఎముక తీసి పక్కన పెడుతూ ఆయనతోనే మాట్లాడింది. "ఉన్నన్నొద్దులు కొట్టినవు. ఎందుకు కొట్టినవని ఎన్నడన్న అడిగిన్నా? ఇయ్యాల జర చేతులు ఇడువు" అన్నది. బైబిల్ మట్టిగడ్డ అయింది. కవరు మాత్రం మిగిలింది, కానీ దానిలోకి నీళ్లు పోయి కాగితం ముద్దయింది. ఎండలో రాయి మీద ఆరబెట్టి, జడపిన్నుతో పొర పొర విప్పాను. మా మామ పేరు నిండుగా ఉన్నది. ముద్ర సగం ఉన్నది. దావా నంబరులో మొదటి అంకె ఒకటి, చివరి అంకె ఏడు, తరువాత 1991. నడిమి అంకె ఉన్న చోట పురుగు తిన్న బొక్క ఉన్నది. ఎముకలు ఎక్కడివి అక్కడ పెట్టి, మట్టి వేసి, ప్రార్థన చేయకుండానే ఇంటికి వచ్చాము.

9. నిన్న ఆ నంబరు తెచ్చాను. సగం నంబరు మీద దరఖాస్తు తీసుకోవడానికి తమకు అధికారం లేదని, పై అధికారి ఉత్తరువు కావాలని నకళ్ల విభాగంవారు చెప్పారు. సాయిలు గారు వేళ్ల మీద లెక్కబెట్టి, "నూట ఏడు, నూట పదిహేడు, గట్ల పోతే నూట తొంభై ఏడు దాక. పదే బస్తాలు చెల్లె. పొద్దుగాల పట్టుకుంటె బువ్వ తినే యాళ్లకు ఐపోతది. సార్ సంతకం ఒక్కటి తే" అన్నారు.

ఇంత తొందర ఎందుకని తమరు అడగవచ్చు. సోమవారం పొద్దున తొమ్మిది గంటలకు జేసీబీతో, ఇరవై మందితో వస్తున్నానని భూపాల్ కబురు పంపాడు. మొదట సమాధుల దిక్కు నుండే చదును చేస్తాడట. రత్నాకర్ బావ రెండు గొడ్డళ్లు నూరించి తెచ్చాడు. ఒకటి తనకు, ఒకటి నా భర్తకు. "ఒక్కణ్ణన్న తీస్కొని పోత" అని నా భర్త అన్నం ముందర కూర్చొని అన్నాడు. ఆయన మనిషిని కొట్టేవాడు కాదు. పెండ్లయిన పద్దెనిమిదేండ్లలో నా మీద చెయ్యి ఎత్తలేదు, కోడిని కోయమన్నా నాకే ఇచ్చేవాడు.

కావున తమరు దయతలచి, పైన చెప్పిన పది బస్తాలు వెంటనే విప్పించి, వాది పేరు మారయ్య అని ఉన్న డిక్రీకి నకలు తీయించి ఇప్పించగలరు. నేను ఈ కాగితం భూమి కోసం అడగడం లేదు. భూమి ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. కాగితం చూపిస్తే జేసీబీని ఆపుతామని ఠాణావాళ్లు అన్న ఒక్క మాట పట్టుకొని నెల రోజులు తిరిగాను. సోమవారం నాడు నా భర్త చావకుండా, ఇంకొకరిని చంపకుండా ఆపడానికి నా దగ్గర వేరే ఏమీ లేదు. ఇంతగా రాసినందుకు కోపగించక, తమ ఇంటి ఆడబిడ్డ మొర వలె చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఎస్తేర్

జతపరచినవి: దవాఖాన చీటీ ఒకటి. డిక్రీ పేలికలు, పాలిథిన్ కవరులో. (మట్టి అంటుకొని ఉన్నది. దులపవద్దని మనవి.)

తా.క. ఇది తీసుకొని మధ్యాహ్నం మూడు గంటలకు వచ్చాను. తమరు అప్పటికే వెళ్లిపోయారని చెప్పారు. రేపు రెండవ శనివారం, ఎల్లుండి ఆదివారం, కనుక సోమవారం పదిన్నరకు కార్యాలయం తెరిచినాక నా అర్జీ ఇన్‌వార్డులో ఎక్కిస్తారట. సాయిలు గారు తమకు మూడుసార్లు ఫోను చేశారు. తమరు ఎత్తలేదు. మెట్ల మీద కూర్చొని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నా భర్త వారం రోజులుగా ఇంటి వెనుక తుమ్మ మొద్దు మీద ఎడమ చేత్తో గొడ్డలి వేయడం నేర్చుకుంటున్నాడు. ఈ పొద్దున చాటుగా నిలబడి చూశాను. పది వేటులలో ఆరు తప్పినవి. ఒకటి ఆయన మోకాలి పక్క నుండి పోయింది. ఆ చేత్తో ఇరవై మంది మీదికి పోతే పడేది ఆయనే. అందుకని ఆ గొడ్డలి తీసి నా చీరల పెట్టెలో పెట్టి తాళం వేశాను. హాస్టల్లో రోజూ ముప్పై కిలోల కోడి కొట్టేది నేనే, నా వేటు తప్పదు.

నకలు సోమవారం ఎన్ని గంటలకు దొరికినా సాయిలు గారి చేతికి ఇవ్వండి. తొమ్మిది లోపల అయితే ఆయన ఠాణాకు తెస్తారు. తొమ్మిది దాటితే ఏ కోర్టులో నన్ను నిలబెడితే అక్కడికి తెస్తారు. అక్కడ తమకు తెలిసినవారు ఉంటే ఒక్క మాట చెప్పండి. ముద్దాయి పేరు దగ్గర ఎస్తేర్ అనే రాయాలి. జానీ పేరు ఎక్కడా రానీయవద్దు.