ఏడవ నంబరు సెట్టు కనబడుటలేదు

చైతన్యపురి,
మంగళవారం.

ప్రియమైన వేదవతికి,

విషయం: నిన్ను ఇంటికి తిరిగి ఆహ్వానించుట గురించి.

నీవు ఎల్బీనగర్‌లోని మీ చెల్లెలు ఉదయలక్ష్మి ఇంటికి వెళ్ళి నేటికి ఆరు రోజులు పూర్తయినవి. వెళ్ళేముందు "ఆ డబ్బాలైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అని నీవిచ్చిన మౌఖిక నోటీసు పరిశీలనలో ఉన్నది. నా ఫోను నీవు ఎత్తనందున ఈ లేఖను తోడల్లుడు ప్రసన్నకుమార్ ద్వారా పంపుతున్నాను. అతడు ఆఫీసుకు పోతూ వస్తూ మెట్రో దిగి మన టపా మోయడానికి అంగీకరించాడు; ముఖం మాత్రం అంగీకరించలేదు.

"డబ్బాలు" అన్న పదంపై నా అభ్యంతరం నమోదు చేసుకోగలవు. అవి సీబీ రేడియోలు. సెల్‌ఫోన్లు లేని కాలంలో విదేశాల లారీ డ్రైవర్లు దారి పొడవునా వీటితోనే కబుర్లు చెప్పుకున్నారు. అట్టి చారిత్రక సామగ్రిని చంపాపేట్ పాతసామాన్ల జానయ్య కిలోల లెక్కన అమ్ముతుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. మొదటి సెట్టు పలుకుతుందో లేదో చూడడానికి కొన్నాను. రెండవది మొదటిదానితో మాట్లాడడానికి. మిగిలిన పన్నెండింటికి కారణాలు ఫైలులో లభ్యం కాలేదు. వాటికి చోటు కల్పించే నిమిత్తం నీ పట్టుచీరలను బీరువా నుండి అటక మీదికి బదిలీ చేసిన మాట, అందుకు నీ సమ్మతి తీసుకోని మాట వాస్తవం.

ప్రతి సాయంత్రం ఏడు గంటలకు మేడ మీద నుండి తూర్పు హైదరాబాదు ప్రజలనుద్దేశించి అరగంట ప్రసంగిస్తున్నాను. నిన్నటి అంశాలు: వంకాయకూర మాడుట, పాలు పొంగుట, నీవు లేకపోవుట. మాట్లాడినంతసేపూ మైకు మీట నొక్కి ఉంచాలి కనుక, నా బొటనవేలి నొప్పి దృష్ట్యా అందుకొక సదుపాయం చేసుకున్నాను. ఆరోగ్యం గురించి చింతించవద్దు.

మరొక విషయం. ఏడవ నంబరు సెట్టు కనబడుటలేదు. నీకేమైనా తెలిసిన యెడల తెలుపగలవు.

ఇట్లు,
నీ రామమోహనరావు,
సూపరింటెండెంటు (విశ్రాంత).


ఎల్బీనగర్,
శుక్రవారం.

ప్రియమైన శ్రీవారికి,

మీ లేఖ అందింది. మాడిన గిన్నెలో చింతపండు నీళ్ళు పోసి నానబెట్టండి. దాని మీద ప్రసంగించినంత మాత్రాన అడుగు వదలదు.

నేను చెప్పవలసింది బుధవారమే స్పష్టంగా చెప్పాను. గురువారం ఐదింటికి ఎల్బీనగర్ మెట్రో మెట్ల దగ్గరికి రండి, చీరలు కిందికి దించుతానని ఒక్క మాట అనండి, మీ వెంట వచ్చేస్తాను అని. మీరు వస్తారని సంచి సర్దుకుని ముప్పావు గంట నిలబడ్డాను. అక్కడ మక్కకంకులు కాల్చే కిష్టమ్మ జాలిపడి తన పీట నాకిచ్చింది. "ఎవరి కోసమమ్మా గింతసేపు?" అని అడిగింది. మా ఆయన కోసమన్నాను. "అట్లయితె ఇంకో కంకి తిను" అంది.

రెండు కంకులు తిని వెనక్కి వచ్చాను. రానని చెప్పడానికి కూడా నేను తగనా? ఏడవ నంబరు సెట్టు విషయమై విచారణ కొనసాగించుకోండి.

ఉంటాను,
వేదవతి.


చైతన్యపురి,
శనివారం ఉదయం.

ప్రియమైన వేదవతికి,

నీ లేఖ నాలుగుసార్లు చదివాను. బుధవారం నీవు ఎవరితో ఏమి చెప్పావో నాకు తెలియదు. ఫోను రాలేదు, ఉత్తరం రాలేదు, ప్రసన్నకుమార్ పెదవి విప్పలేదు. తెలిసి ఉంటే నాలుగింటికే వచ్చి ఆ పీట మీద నేనే కూర్చునేవాణ్ణి.

నీకే కాదు, పది రోజులుగా రేడియోలో నాకూ ఎవరూ పలకలేదు. ఇంత రద్దీ గల ప్రాంతంలో ఇంత నిశ్శబ్దం ఉన్నదని నాకిప్పుడే తెలిసింది. కావున మిగిలిన పదమూడు సెట్లను జానయ్యకు ఇచ్చివేయుటకు నిర్ణయించడమైనది. నేటి సాయంత్రం సరుకు చూసుకుని, రేపు రాత్రి ఎనిమిదింటికి త్రాసుతో వచ్చి తూకం వేసుకుపోతాడు. చీరలు అటక దిగినవి. మూడు నా నెత్తిమీదుగా దిగినవి.

ఇల్లు చాలా ఖాళీగా ఉన్నది. ఇది రేడియోల గురించి రాసిన వాక్యం కాదు.

నీ,
రామమోహనరావు.


ఎల్బీనగర్,
ఆదివారం ఉదయం.

ప్రియమైన సూపరింటెండెంటు గారికి,

విషయం: సీబీ రేడియోల అమ్మకమును తక్షణం నిలుపుదల చేయుట గురించి.

ఏడవ నంబరు సెట్టును తీసుకొచ్చింది నేనే. ఒక డబ్బా పోతే మీకు బాధేమిటో తెలుస్తుందని చీరలో చుట్టి తెచ్చాను. ఇటు బండితో వచ్చిన జానయ్యకు అమ్మబోతే, అతడు పాత స్కూటర్ బ్యాటరీ తగిలించి, మేడ మీద తీగ కట్టి మోగించి చూపాడు. అందులోంచి మీ గొంతు వచ్చింది. అమ్మలేకపోయాను. ఆనాటి నుండి ఏడింటికి ఉదయలక్ష్మి టీవీ సీరియల్ కట్టేసి మీ ప్రసంగం వింటోంది. వంకాయకూర భాగానికి ప్రసన్నకుమార్ కూడా నవ్వాడు.

ప్రతి రోజూ చివర్లో మీరు "వేదవతి ఎప్పుడు వస్తుందో ప్రజలకు తెలిస్తే చెప్పగలరు" అంటారు. ప్రతి రోజూ నేను చెబుతూనే ఉన్నాను. బుధవారం చెప్పింది ఈ ఏడవ సెట్టులోనే. విని కూడా రాలేదనుకుని ఉడికిపోయాను.

నిన్న మీ ఇంట్లో సరుకు చూసుకున్న జానయ్య తిన్నగా ఇక్కడికి వచ్చాడు. "అమ్మా, సారు గా మైకు మీటకు రబ్బరు బ్యాండు ఏసిండు. గది నొక్కి ఉన్నంతసేపు అవతలోళ్ళ మాట ఇనరాదు. ఆయన ముచ్చట అయిపోంగనె సెట్టు బంద్ చేసి కిందికి దిగిండు. మరి మీరు రోజూ ఎవరికి జవాబు చెప్తున్నరు?" అన్నాడు.

ముప్పై నాలుగేళ్ళు డిక్టేషన్ ఇచ్చి, అవతలివాళ్ళు తలెత్తేలోపు లేచి వెళ్ళిపోయిన అధికారి రేడియో దగ్గర మాత్రం కూర్చుంటారని అనుకోవడం నా పొరపాటు. జానయ్య త్రాసును ఇక్కడే స్వాధీనం చేసుకున్నాను. ఈ రాత్రి అమ్మకం జరగదు. సెలవు రోజైనా ఈ టపా ప్రసన్నకుమారే మోస్తున్నాడు. సెట్లు బీరువా కింది అరలో ఉండవచ్చు. పై అరలు చీరలవి.

నేటి సాయంత్రం ఏడింటికి మేడ ఎక్కండి. రబ్బరు బ్యాండు తీసేయండి. అడగవలసింది ఒక్క వాక్యంలో అడిగి, మీట వదలండి. సెట్టు కట్టేయకుండా పది దాకా లెక్కపెట్టండి.

నేను మూడులోపే పలుకుతాను.

ఇట్లు,
మీ వేదవతి,
సెట్టు నం. 7.