తినే వచ్చానంటున్న నాన్న

గోజే ఓడల కార్ఖానా,
వెల్డింగు షెడ్డు.

మీ నాన్న మా ముత్తవ్వని వదిలేసి పోయాడు. కొత్త వల కొనుక్కొస్తానని పడవెక్కి, మీ జుమున్‌జిన్ రేవులో దిగి, మీ అమ్మని చేసుకున్నాడు. ఆ వల ఇంకా మా ఊరికి చేరలేదు.

నేను యోమ్ జున్‌బొమ్‌ని. ఆయన వదిలిపోయిన కొడుక్కి మనవణ్ణి. మా షెడ్డులో మీ ఊరివాడొకడు, "మా రేవులో ఎండు స్క్విడ్ అమ్మే ఒక్‌బున్‌గారి నాన్నని గోజే యోమ్ అనేవాళ్ళు" అని నోరు జారాడు. అలా దొరికారు.

ఆయన చనిపోయిన రోజు తెలియదు గనక, దిక్కు తెలియనివాళ్ళకి అందరూ పెట్టినట్టే, తొమ్మిదో నెల తొమ్మిదో నాడు తద్దినం పెడుతున్నాం. తాతయ్య అన్నంలో చెంచా గుచ్చి, ఆయన వచ్చి తినాలని తలుపు తెరిచి కూర్చుంటాడు. తరవాత తాతయ్యకి కల వస్తుంది. సముద్రమంతా పొగమంచు. అందులోంచి వాళ్ళ నాన్న కాళ్ళు తడవకుండా నడిచొచ్చి, గుమ్మంలో ఆగి, "తినే వచ్చానురా" అని వెనక్కి తిరుగుతాడు. పైగా కంపు. పులియబెట్టిన హొంగొ చేప, ముక్కు పగిలే కంపు. లేచాక కూడా తాతయ్య దుప్పటి దులుపుకుంటూ ఉంటాడు.

అంటే మీరు ముందే పెట్టి పంపేస్తున్నారు. అదీ కుళ్ళు చేప.

తాతయ్యకి గుండె బాగాలేదు. పోయేలోగా తండ్రికి ఒక్కసారైనా సరైన రోజున పెట్టాలని ఆయన కోరిక. ఆ రోజేదో చెప్పండి. ఎనిమిదో నెల పున్నమిలోగా జవాబు రావాలి.

జున్‌బొమ్

తా.క. ఆయన ముక్కు ఎడమకి వంకరట. మీదీ అంతే అయితే బుకాయించకండి.

*

పలకరింపు కూడా నేర్వని అబ్బాయికి,

జుమున్‌జిన్ నుంచి ఒక్‌బున్ దీవించి రాయడం ఏమనగా, మీ ఎత్తు నాకు తెలిసింది. తద్దినం పెట్టే హక్కు పెద్దింటి కొడుకుది. రోజు కనుక్కుని, మా నాన్నని మా గుమ్మంలోంచి మళ్ళించుకుపోదామనేగా? చెప్పను. ఆయన్ని మేం పస్తుంచలేదు.

నా వంటని కుళ్ళంటావా? ఈ కట్టలో స్క్విడ్ పంపుతున్నాను. ముందు నమిలి, తరవాత వాగు.

నీ మేలు కోరే మామ్మ,
ఒక్‌బున్

తా.క. నా ముక్కు జోలికి రాకు.

*

ఒక్‌బున్ మామ్మగారికి,

రోజు దాచి స్క్విడ్ పంపుతారా. దీన్ని లంచం అంటారు. తిప్పి పంపేద్దామనుకుంటే, మా అమ్మ అప్పటికే కాల్చేసింది. తాతయ్య స్క్విడ్ కాలొకటి నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

మళ్ళీ కల వచ్చింది. ఈసారి ఆయన లోపలికి తొంగి చూసి, "ఎక్కడిదిరా ఈ స్క్విడ్" అన్నాడట. కూర్చోమంటే, తినే వచ్చానన్నాడు. అదే కంపు. ఇంకేం దాస్తారు? పున్నమి దాటితే సెలవు పెట్టి వచ్చి, మీ కొట్టు ముందు ఇనుప టోపీతో నిలబడతాను. బేరాలు ఎలా సాగుతాయో చూస్తాను.

జున్‌బొమ్

తా.క. మీ వయసెంత, చలికి మోకాళ్ళు నొప్పెడతాయా అని తాతయ్య అడగమన్నాడు. నేను అడగడం లేదు.

*

అన్నయ్యకి,

అబ్బాయీ, ఇది నీకు కాదు. చదివి వినిపించు.

మోకాళ్ళు నొప్పే, అన్నయ్యా. రోజు దాచలేదు. నాకూ తెలియదు. నేను బడికెళ్ళే వయసులో, నాన్న ఉప్పు తెస్తానని పోయాడు. ఆ ఉప్పూ రాలేదు. వదిలేసిన పిల్లనని రాయడానికి సిగ్గేసి, అబ్బాయి మీద ఎగిరాను.

మేమూ తొమ్మిదో నెల తొమ్మిదినే పెడతాం. నాకూ వస్తాడు. తీగల మీద స్క్విడ్లు తెల్లగా ఊగుతుంటే, ఆ వరసల మధ్యలోంచి, నీడ లేకుండా. "తినే వచ్చానమ్మా" అంటాడు. అదే కంపు. మా తీరంలో హొంగొ ఎవరూ ముట్టరు. ఇన్నేళ్ళూ అది మీ ఇంటి వంటే అనుకుని, గోజే ఆడవాళ్ళని తిట్టుకున్నాను.

మీరూ హొంగొ తినరా?

నీ చెల్లెలు,
ఒక్‌బున్

తా.క. వంకరే. ఎడమకే.

*

మోక్‌పో చేపల రేవులో, ఎడమకి వంకర ముక్కున్న యోమ్ ఇంటివారికి,

మీ నాన్న మా రెండిళ్ళనీ వదిలేసి పోయాడు. ఒకరికి వల తేలేదు, ఒకరికి ఉప్పు తేలేదు. మా రెండిళ్ళలోనూ హొంగొ వండరు. ఇష్టంగా తినేది మీ వైపువాళ్ళే గనక, ఆయన మూడో ఇల్లు మీదే.

ఒక్‌బున్ మామ్మ గోజే వచ్చేసింది. ఒకే అద్దంలో ఇద్దరూ ముక్కులు చూసుకుని, ఎవరిది ఎక్కువ వంకరో తేల్చుకోలేక నన్ను అడిగారు. నేను ఈ ఉత్తరం రాస్తుంటే, "కాస్త మెత్తగా రాయరా" అని తాతయ్య, "ఇంకాస్త గట్టిగా పెట్టు" అని మామ్మ.

ఆయన మీ ఇంట్లో తింటున్నాడు. రోజు మీకు తెలిసే ఉండాలి. మళ్ళించుకుపోం. మా అన్నం, మా స్క్విడ్ మోసుకొచ్చి మీ గుమ్మంలోనే కూర్చుంటాం. కంపు ఓర్చుకుంటాం. తాతయ్య అప్పుడే చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

ఇట్లు,
రెండిళ్ళ తరఫున జున్‌బొమ్

తా.క. మీ కలలోనూ తినే వచ్చానంటుంటే, అక్కడ ఏ వంట వాసన వేస్తున్నాడో రాయండి. తొమ్మిదో నెల తొమ్మిదిలోగా.