అమ్మ టేపు, నా పెట్టె

వాయిలేవు

తమ్ముడు కేశవకు,

సముద్రం అవతల వాలేలేవులో నీ ఇంటినుంచి వచ్చిన దగ్గర్నుంచీ నాన్న నీ హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ గురించే చెబుతున్నాడు. ఎన్నాళ్ళని వింటాను? నేనూ అలాంటి పెట్టె ఒకటి కట్టాను. ముందు ట్యూబు, వెనక ట్రాన్సిస్టర్లు. నీదానిలా గుయ్యిమనదు.

పోయిన అమ్మ పాడిన భజన టేపు పెట్టాను. స్పీకరులో ఎప్పుడూ వినపడనిది ఇందులో వినపడింది. తెలుగు పాట రెండు చరణాల మధ్య గొంతు తగ్గించి, ఇక్కడి హిందీలో "కేశవ ఖాయిస్?" అని ఎవరినో అడిగింది. నువ్వు తిన్నావా అని.

ఆ రోజు ఆమె పక్కన తాళాలు వాయించింది నేను. నేనూ తినలేదు.

ఆ భజన రెండో టేపు నీ దగ్గరుంది. ఓడలో వచ్చేవాళ్ళ చేత పంపు. ఇప్పటికే విని ఉంటే, అందులో నా పేరుందో లేదో మాత్రం రాయకు.

అన్న