నొంగ్ సైఫెంగ్ అబద్ధమాడలేదు

యున్‌తాన్ జిల్లా రోగ నివారణ కేంద్రం డైరెక్టరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: బస్టాండు వద్ద నూడుల్స్ బండి నడుపుకొను నొంగ్ సైఫెంగ్‌పై పడిన నింద తొలగించి, ఆమెకు పనిచేసే మందు ఇప్పించుట గురించి.

అదే బస్టాండులో మోటారు సైకిలుపై మనుషులను కిరాయికి దింపు చిన్ దషంగ్ మనవి చేసుకొనునది:

1. సదరు సైఫెంగ్‌కు హెచ్ఐవి ఉన్నట్లు పోయిన చలికాలంలో తేలినది. మందు మొదలుపెట్టక మునుపే, తమరు ఇచ్చు మొదటి రకం మందులకు ఆమె ఒంట్లోని వైరస్ లొంగదని పరీక్షలో వచ్చినది. "ఇంతకు ముందెక్కడో వాడి మానేశావ్. అవేంటో చెప్పు, అప్పుడే వేరేవి రాస్తాం" అని తమ నర్సమ్మ పట్టుపట్టుచున్నది.

2. "తల్లీ, తలనొప్పి మాత్ర తప్ప జన్మలో మింగి ఎరగను, ఒట్టు!" అని ఆమె మొత్తుకున్నను, ఫైలులో 'అబద్ధం' అని వ్రాసుకున్నారే గాని అది కదలలేదు. మనిషి మాత్రం చిక్కి సగమైనది. నిన్న గంజి కుండ దించలేక బండికి చేరగిలబడినది.

3. వాడి మానినది నేను. తమ కేంద్రం మందులే. కొత్త సంవత్సరం వస్తే, నా జబ్బేమిటో తెలియని మా అమ్మ "ఒరే, పండగపూట మందు మింగితే ఏడాదంతా మంచమేరా! ఆ సీసా అవతల పెట్టు" అనేది. ఒక్క రోజనుకున్నది పదిహేనో నాటి లాంతర్ల పండగ దాకా సాగేది. అమ్మ పోయినా ఆ అలవాటు పోలేదు. తమ నర్సమ్మ అడిగితే "తప్పకుండా వేసుకుంటున్నానండీ" అనేవాణ్ణి. ఆ సందులో మందుకు మొండికేసిన వైరస్సే నా నుండి ఆమెకు అంటినది.

4. నాలుగవది ఎలా రాయాలో తెలియడం లేదయ్యా. మేమిద్దరం దగ్గరైనా, నాకీ జబ్బుందని ఆమెకు చెప్పలేదు. చెబితే పొమ్మంటుందని భయం. మొన్న నా గిన్నెలో ఇంకో గుడ్డు వేసి, "నన్నెవరూ నమ్మట్లేదు దషంగ్, నువ్వన్నా నమ్ముతావా?" అంది. "నమ్ముతా" అన్నాను. ఛీ, నాదీ ఒక నోరేనా!

కావున అబద్ధం అను మాటను ఆమె ఫైలులో కొట్టివేసి నా ఫైలులో వ్రాసుకొని, నా రక్తము తీసి సరిపోల్చుకొని, ఆమెకు వేరే మందు వెంటనే ఇప్పించవలెను. చట్టప్రకారం నాకు రావలసిన శిక్షకు సిద్ధముగా ఉన్నానని కూడా చిత్తగించవలెను.

ఆ మాటకు తగనివాడినైనను,
తమ విధేయుడు
చిన్ దషంగ్

తా.క.: ఈ కవరు సైఫెంగ్ చేతనే పంపుచున్నాను. జిగురు పెట్టలేదు. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేకపోయింది.

(దిగువన, వేరొక చేతివ్రాత)

అయ్యా, నేను సైఫెంగ్‌ని. దారిలోనే చదివాను. నా మందు సంగతి చూడండి. వాడి మందు కూడా మార్చండి. వాడు చచ్చి ఊరుకుంటే నేనెవణ్ణి తిట్టుకోవాలి?