తలుపు అడుగున రంధ్రాలు

మస్తాన్ భాయ్,

నువ్వు కన్నుమూసి ఇవాళ్టికి ఏడాది. చదవవని తెలుసు. అయినా ఈ సంగతి నీకు చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

ఈ ఎడారి దేశంలో, సముద్రం ఒడ్డున రువైస్‌లో రిఫైనరీ ఇంకా కడుతున్న రోజుల్లో నాకు పికప్ అప్పజెప్పారు. లోపలికి దుమ్ము రాకూడదని, తలుపుల అడుగునున్న చిన్న రంధ్రాలను లప్పంతో మూసేశాను. క్యాంపులో డ్రైవర్లందరూ చేసే పనే. నువ్వు చూసి, ఇనుప తీగతో లప్పమంతా పొడిచి తీశావు.

“గిదేం పని భాయ్? నోట్ల దుమ్ము వడుతది!” అన్నాను.

“దుమ్ము గుడ్డతో తుడిస్తే పోద్ది లచ్చన్నా. ఈ ఉప్పు తేమ లోపల నిలిచిపోతే తుప్పు పట్టి తలుపును తినేస్తాది. దానికి బయటికి దోవ ఉండాల,” అన్నావు.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే ఆ తీగతో రంధ్రాలు పొడిచాను. సీటు మీది దుమ్ము తుడుస్తూ నిన్ను తిట్టుకున్నాను కూడా.

ఇవాళ ముదీర్, అదే మన మేనేజర్, ఏ బండి ఉంచాలో తేల్చడానికి వచ్చి మా మూడు పికప్‌లనూ చూశాడు. రెండింటి తలుపుల అడుగు చెయ్యి తగలగానే అప్పడంలా విరిగింది. “ఖలాస్,” అని వాటిని తుక్కుకు పంపమన్నాడు. బండి లేని డ్రైవర్‌ను ఊరికి పంపేస్తారని నీకు తెలుసు. ఆ తర్వాత మన బండి తలుపును పిడికిలితో గుద్దాడు. గట్టిగా మోగింది.

“యల్లా, కామ్ పే జావ్,” అన్నాడు నాతో, ఇక పనికి పొమ్మని.

బండెక్కాను. సీటు నిండా దుమ్ము. ఇవాళ తుడవలేదు భాయ్, అందులోనే కూర్చున్నాను.

నీ లచ్చన్న