కడుపులో గాయానికి మచ్చ పడదట, అమ్మా

అమ్మా,

ఎలా ఉన్నావని అడగలేను. నువ్వు వెళ్ళాక ఇది రెండో మిరప పంట. కళ్ళాల్లో కాయ ఎండుతోంది. బస్సు దిగి ఊళ్ళోకి నడుస్తుంటే ఆ ఘాటుకి దగ్గొచ్చింది... నీ కొంగు కూడా ఇదే వాసన వేసేది.

తమ్ముడి భార్య కరుణకి నెల తప్పింది. నువ్వుంటే ఎంత సంబరపడేదానివో. ఐదో నెలలో సత్తెనపల్లిలో స్కానింగ్ తీశారు. బిడ్డ పై పెదవి చీలి ఉందన్నారు. గ్రహణం మొర్రి. నాకు వచ్చిందే.

నీకు వెంటనే ఆ పూట గుర్తొస్తుంది, తెలుసు. కడుపుతో ఉన్నవాళ్ళు గ్రహణం వేళ ఏదీ కోయకూడదు, తుంచకూడదు, ఒళ్ళు గీరుకోకూడదు అని తెలిసీ, కూలి పోతుందని కళ్ళంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీశావు. నేను పుట్టగానే నానమ్మ నీ చేతులు పట్టుకుని వచ్చినవాళ్ళందరికీ చూపించిందట. మనం చర్చికి వెళ్ళేవాళ్ళమే. అయినా ఆ భయం మనతోపాటే వచ్చింది.

గ్రహణానికీ పెదవికీ సంబంధం లేదని డిగ్రీలో ఉన్నప్పుడే చెప్పాను. "నువ్వు పుస్తకంలో చదివావే, నేను చేతులతో చేశాను" అన్నావు.

కానీ ఇది విను. నెల తప్పిన కొత్తలోనే గ్రహణం వచ్చింది. కరుణ తలుపులు మూసుకుని చీకట్లో వెల్లకిలా పడుకుంది. విడిచేదాకా మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నీ కథ విని ఉంది కదా... నువ్వు చేయనివన్నీ ఆమె చేసింది. అయినా వచ్చింది. మన రక్తంలో ఉందేమో. అది ఎవరి తప్పు?

స్కానింగ్ అయిన రోజు అడిగింది: "వదినా, నువ్వు చదువుకున్నావుగా. లోపల ఉండగానే కుట్టించలేమా?"

నేను నవ్వలేదమ్మా. ఎమ్మెస్సీలో మాకు ఆ పాఠం ఉంది. కడుపులో బిడ్డకి మొదటి నెలల్లో చర్మం తెగితే మచ్చ లేకుండా మానుతుందట. కొత్త చర్మం అచ్చం పాతదానిలాగే అల్లుకుంటుంది. నెలలు నిండేకొద్దీ ఆ గుణం పోతుంది. ఆ తర్వాత ఒళ్ళు తొందరపడి అతుకు వేస్తుంది, అదే మచ్చ. బిడ్డలో అది ఎలా జరుగుతుందో పూర్తిగా తెలిస్తే, పెద్దవాళ్ళ గాయాలకీ, కాలిన ఒళ్ళకీ మచ్చలు తగ్గించే మందు చేయొచ్చని చూస్తున్నారు. మనదాకా ఎప్పుడొస్తుంది... అసలు వస్తుందా?

పెదవి కోసం తల్లి కడుపు కోయరు. తల్లికి ప్రమాదం, కాన్పు ముందే అయిపోవచ్చు. కుదరదని చెప్పాను. పుట్టాక కుడతారు, చిన్న గీత మిగులుతుంది, అంతేనన్నాను. కిటికీ వెలుగులో నా పెదవి చూపించాను. వేలితో తడిమింది.

"నొప్పి పుడుతుందా?"

లేదన్నాను.

"మరి పెళ్ళిచూపులప్పుడు?"

నువ్వు నాతో "గీత ఉంటే ఉండనీ, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా మాట్లాడు" అనేదానివి. నీ మాటే చెప్పాను. కొంచెం నవ్వింది కూడా. ఇక బిడ్డని ఉంచుకుంటుందనుకున్నాను.

మరుసటి వారం వాళ్ళమ్మ వచ్చి కరుణని పుట్టింటికి, ప్రత్తిపాడు తీసుకెళ్ళింది. "ఇంకో మొహం ఇట్లాంటిది వద్దు తల్లీ మాకు" అని నా ఎదురుగానే అంది. తమ్ముడు తల వంచుకుని సంచి మోశాడు.

తీయించేశారమ్మా. ఆడో మగో నేను అడగలేదు.

నిన్న చూడ్డానికి వెళ్ళాను. కరుణ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. అటే తిరిగి అంది: "వదినా, గ్రహణం రోజు చీకట్లో దోమ కుట్టింది. గోరుతో గీరానేమో... గుర్తు రావట్లేదు."

దోమ కుట్టిన చోట గీరినందుకు ఎవరి బిడ్డ పెదవీ చీలదని చెప్పాను. తల ఊపింది. నమ్మనప్పుడు నువ్వు ఊపినట్టే ఊపింది.

ఆదివారం మళ్ళీ వెళ్తాను. ఆ పై ఆదివారం కూడా. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి వద్దన్నా వెళ్తాను. ఆమెని నీలాగా చేయని తప్పు మోసుకుంటూ ముసలిదైపోనివ్వను, అమ్మా.

నీ సువార్త